రిడ్‌బర్గ్ పరమాణువును కాంతితో పట్టి ఉంచడం: ఏ ఉచ్చు ఏ ప్రయోగానికి తగినది?

భూస్థితిలో, అంటే అతి తక్కువ శక్తి స్థాయిలో, ఉన్న ఒక రుబీడియం పరమాణువును లేజర్ కాంతి బిందువులో పట్టి ఉంచడం ఈనాడు ఎన్నో ప్రయోగశాలల్లో రోజువారీ పని. అదే పరమాణువులోని చివరి ఎలక్ట్రాన్‌ను అరవయ్యో స్థాయికో, డెబ్భయ్యో స్థాయికో ఎక్కించిన మరుక్షణం, అంతవరకు దాన్ని పట్టి ఉంచిన కాంతే దాన్ని బయటికి నెట్టడం మొదలుపెడుతుంది. అత్యున్నత ఉత్తేజిత స్థితుల్లో ఉన్న పరమాణువులతో, అంటే రిడ్‌బర్గ్ పరమాణువులతో, పని చేయదలచిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. దీనికి గత పాతికేళ్లలో నాలుగైదు పరిష్కారాలు వచ్చాయి. వాటిలో ఏది ఎవరికి నప్పుతుందో తేల్చుకోవడానికి, ‘ఏ ఉచ్చు మేలైనది’ అన్న ప్రశ్న కంటే ‘నా ప్రయోగం ఎంతసేపు సాగుతుంది’ అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

స్వీడన్ శాస్త్రవేత్త యోహానెస్ రిడ్‌బర్గ్ 1888లో వర్ణపట రేఖలకు రూపొందించిన సూత్రం మనలో చాలామందికి ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో హైడ్రోజన్ వర్ణపటం పాఠంతోనే పరిచయం. ఆ సూత్రంలోని ప్రధాన క్వాంటం సంఖ్య బాగా పెద్దదైనప్పుడు పరమాణువు స్వభావమే మారిపోతుంది. కక్ష్య పరిమాణం ఆ సంఖ్య వర్గంతో పెరుగుతుంది కనుక, సంఖ్య 100 అయినప్పుడు కక్ష్య వ్యాసార్ధం దాదాపు అర మైక్రోమీటరుకు చేరుతుంది. అంటే అది కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగినది. రెండు పరమాణువుల మధ్య వాన్ డర్ వాల్స్ బలం అదే సంఖ్య పదకొండో ఘాతంతో పెరుగుతుంది. ఒక పరమాణువు ఉత్తేజితమైతే పక్కదాన్ని ఉత్తేజితం కానివ్వని ‘రిడ్‌బర్గ్ నిరోధం’ పుట్టేది ఈ బలం నుంచే. రెండు విడి పరమాణువుల మధ్య ఈ నిరోధాన్ని 2009లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని పలేజో ఆప్టిక్స్ సంస్థ వేర్వేరుగా చూపించాయి. తటస్థ పరమాణువులతో నడిచే క్వాంటం కంప్యూటర్లకు పునాది అక్కడే పడింది.

ఇక ఆ నెట్టివేత సంగతి. పరమాణువు సహజంగా పీల్చుకునే కాంతి కంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌ను సూదిమొనలా కేంద్రీకరిస్తే, భూస్థితి పరమాణువు తీవ్రత ఎక్కువగా ఉన్న నడిమధ్యకు చేరుతుంది. ఆప్టికల్ ట్వీజర్, అంటే కాంతి పట్టకారు, పని చేసే తీరు ఇదే. రిడ్‌బర్గ్ స్థితిలోని ఎలక్ట్రాన్ మాత్రం కేంద్రకానికి ఎంతో దూరంగా, దాదాపు స్వేచ్ఛగా ఉంటుంది. కాంతి విద్యుత్ క్షేత్రం దాన్ని అటూ ఇటూ ఊపుతుంది. ఆ ఊగిసలాట శక్తి కాంతి తీవ్రతకు, తరంగదైర్ఘ్యపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక ఎలక్ట్రాన్ తీవ్రత తక్కువ ఉన్న చోటికి తప్పుకోవాలని చూస్తుంది. దీనినే పాండరోమోటివ్ బలం అంటారు. 1064 నానోమీటర్ల కాంతిలో భూస్థితి రుబీడియంపై పని చేసే ఆకర్షణతో పోలిస్తే, స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌పై పని చేసే వికర్షణ సుమారు ఐదింట నాలుగు వంతులు ఉంటుంది. కనుక దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఉచ్చును ఆర్పివేయడం

అన్నిటికంటే సులువైన మార్గం ఉచ్చు లేకుండా పని కానివ్వడం. పరమాణువును రిడ్‌బర్గ్ స్థితికి ఎక్కించే లేజర్ మెరుపు, అంటే రిడ్‌బర్గ్ పల్స్, ఇచ్చే ముందు పట్టకారు లేజర్‌ను ఆర్పుతారు, కొన్ని మైక్రోసెకన్లలో పని ముగించుకుంటారు, మళ్లీ వెలిగించి పరమాణువును పట్టుకుంటారు. వినడానికి మొరటుగా ఉన్నా, లెక్క వేసి చూస్తే ఇందులో తప్పేమీ కనబడదు. 10 మైక్రోకెల్విన్‌ల వద్ద రుబీడియం పరమాణువు ఒక్కో దిశలో సగటున సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే 5 మైక్రోసెకన్లలో దాదాపు 150 నానోమీటర్లు మాత్రమే జరుగుతుంది. పట్టకారు కాంతి బిందువు వ్యాసార్ధం సాధారణంగా ఒక మైక్రోమీటరు దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, తిరిగి వెలిగించినప్పుడు పరమాణువు ఇంకా పట్టులోనే దొరుకుతుంది. గురుత్వాకర్షణ వల్ల కలిగే జారుడు ఈ వ్యవధిలో ఒక నానోమీటరుకు కూడా చేరదు; దాన్ని మరచిపోవచ్చు.

2023లో హార్వర్డ్ బృందం ఒకేసారి 60 పరమాణువుల వరకు రెండేసి క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ సమాచార ప్రమాణాల) గేట్లను, అంటే ప్రాథమిక గణన చర్యలను, 99.5 శాతం నాణ్యతతో నడిపిన ప్రయోగం ఈ కోవలోనిదే. నిరోధంపై ఆధారపడే గేటుకు ఒక సౌలభ్యం ఉంది: పరస్పర బలం చాలినంత పెద్దదైతే చాలు, అది కచ్చితంగా ఎంత ఉన్నదన్నది పెద్దగా లెక్కలోకి రాదు. అందువల్ల పరమాణువు కాస్త కదిలినా ఫలితం పెద్దగా చెడిపోదు.

పరస్పర బలాన్నే కొలవవలసిన ప్రయోగంలో పరిస్థితి వేరు. 5 మైక్రోమీటర్ల ఎడంలో ఉన్న రెండు పరమాణువుల మధ్య దూరం 150 నానోమీటర్లు, అంటే 3 శాతం, మారితే, ఆరో ఘాతంతో పడిపోయే వాన్ డర్ వాల్స్ బలం దాదాపు 18 శాతం మారుతుంది. పది, ఇరవై మైక్రోసెకన్ల పాటు స్పిన్ వినిమయాన్ని, అంటే రెండు పరమాణువులు తమ స్థితులను ఇచ్చిపుచ్చుకోవడాన్ని, గమనించాలనుకునే వారికి ఇది మింగుడుపడని తేడా. ముప్పై మైక్రోసెకన్లు దాటితే పరమాణువు పట్టకారు హద్దు దాకా వెళ్లిపోతుంది, తిరిగి దొరకకపోవడం మామూలవుతుంది.

ఈ పద్ధతిని వదులుకునే ముందు మరొక సంగతి ఆలోచించాలి. పట్టకారు తిరిగి వెలిగినప్పుడు రిడ్‌బర్గ్ స్థితిలో మిగిలిన పరమాణువు బయటికి నెట్టబడుతుంది, భూస్థితిలో ఉన్నది నిలుస్తుంది. కనుక తరువాత తీసిన చిత్రంలో ఏ చోటు ఖాళీగా ఉందో చూసి ఏది ఉత్తేజితమైందో చెప్పవచ్చు. అంటే నష్టమే ఇక్కడ కొలమానం. రిడ్‌బర్గ్ స్థితిని కూడా పట్టి ఉంచే ఉచ్చుకు మారినవారు ఈ ఉచిత కొలమానాన్ని కోల్పోతారు, దాని బదులు వేరే గుర్తింపు పద్ధతిని సమకూర్చుకోక తప్పదు. ఉచ్చుల పోలికలో ఈ ఖర్చును కలపకపోవడం నేను తరచుగా గమనించే పొరపాటు.

చీకటిని చుట్టిన వెలుగు గోడలు

ఎలక్ట్రాన్ వెలుగును తప్పించుకుంటుందంటే దాన్ని వెలుగుతోనే చుట్టుముట్టవచ్చు. చుట్టూ, పైనా కిందా కాంతి గోడలు, నడుమ చీకటి ఉండే ఈ ఏర్పాటును బాటిల్ బీమ్ అంటారు. 2020లో పలేజో బృందం ఇటువంటి ఉచ్చులను 850 నానోమీటర్ల కాంతితో, కాంతి దశను మార్చే హోలోగ్రాఫిక్ పరికరం సాయంతో మలచి, ఒక్కొక్క రుబీడియం రిడ్‌బర్గ్ పరమాణువును మూడు దిశల్లోనూ బంధించింది. ప్రధాన క్వాంటం సంఖ్య 60 నుంచి 90 వరకు, ఉచ్చులో నిలిచిన కాలం గది ఉష్ణోగ్రత వద్ద ఆ స్థితికి సహజంగా ఉండే జీవితకాలంతో సరిపోయింది. ఒక ఉచ్చు నుంచి ఇంతకంటే కోరదగినది లేదు. పరమాణువు పోయిందంటే అది క్షీణించి పోయినదే తప్ప ఉచ్చు నుంచి జారిపోయినది కాదు. ఆ ఉచ్చులోనే వారు మైక్రోవేవ్‌లతో స్థితులను తిప్పారు, రెండు పరమాణువుల మధ్య స్పిన్ వినిమయాన్ని కూడా చూశారు.

శక్తి ఎంత కావాలన్న ప్రశ్నకు స్థూలమైన లెక్క చాలు. 850 నానోమీటర్ల వద్ద ప్రతి చదరపు మైక్రోమీటరుకు 10 మిల్లీవాట్ల తీవ్రత ఉన్న గోడ, దాదాపు 0.8 మిల్లీకెల్విన్‌లకు సమానమైన అడ్డంకిని నిలుపుతుంది. పది, ఇరవై మైక్రోకెల్విన్‌ల వద్ద ఉన్న పరమాణువుకు అది బాగా ఎత్తైన గోడే. అయితే గోడల విస్తీర్ణం కొన్ని చదరపు మైక్రోమీటర్లు ఉంటుంది కనుక ఒక్కో ఉచ్చుకు పదుల మిల్లీవాట్లు పడతాయి. పది ఉచ్చులకు ఇబ్బంది లేదు, వందల ఉచ్చులు కావాలంటే లేజర్ శక్తే హద్దు గీస్తుంది. తరంగదైర్ఘ్యం పెంచితే అడ్డంకి వర్గంతో పెరుగుతుంది గనుక, 1064 నానోమీటర్లకు మారితే అదే తీవ్రతకు ఒకటిన్నర రెట్లకు పైగా ఎత్తు దక్కుతుంది. కానీ తరంగదైర్ఘ్యంతో పాటు కాంతి బిందువు కూడా వెడల్పవుతుంది కాబట్టి ఆ లాభంలో కొంత కోతపడుతుంది.

క్వాంటం సంఖ్యను ఎంచుకునేటప్పుడు ఆశకు పోకూడదు. సంఖ్య 90 అయితే ఎలక్ట్రాన్ విహరించే మేఘం అంచు కేంద్రకం నుంచి 850 నానోమీటర్ల దాకా సాగుతుంది. ఉచ్చులోని చీకటి ఖాళీ కూడా మైక్రోమీటరు స్థాయిదే. ఎలక్ట్రాన్‌కు తెలిసేది తాను సంచరించే చోటంతా కలిపిన సగటు తీవ్రత కనుక, మేఘం ఖాళీని మించితే నడుమ, అంచు మధ్య తేడా చెదిరిపోయి పట్టు సడలుతుంది. పైగా విద్యుత్ క్షేత్రానికి స్పందించే గుణం ఏడో ఘాతంతో పెరుగుతుంది. 60 నుంచి 90కి వెళ్తే, గదిలోని చిల్లర క్షేత్రాల వల్ల కలిగే అలజడి 17 రెట్లవుతుంది.

ఈ ఉచ్చుకు అసలైన ఇబ్బంది మరొకటి. 850 నానోమీటర్ల కాంతి భూస్థితి రుబీడియాన్ని గోడల వైపు లాగుతుంది. అందుకే పలేజోలో పరమాణువును ముందు మామూలు పట్టకారులో ఉంచి, ఉత్తేజపరచి, తరువాత చీకటి ఉచ్చులోకి అప్పగించవలసి వచ్చింది. రెండు స్థితులూ ఒకే చోట నిలవాలంటే భూస్థితిని కూడా వికర్షించే, అంటే పరమాణువు పీల్చుకునే కాంతి కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న, కాంతిని ఎంచుకోవాలి. విస్కాన్సిన్ బృందం సీజియంతో చేసిన పని ఈ దారిలో సాగింది: సీజియం 852 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది కనుక 825 నానోమీటర్ల కాంతి గీతలతో గళ్లు గీసి, చీకటి గళ్లలో పరమాణువులను నిలిపారు. కొత్తగా ప్రయోగశాలను నిర్మించేవారు రుబీడియమా సీజియమా అన్నది ఇంకా తేల్చుకోకపోతే, ఈ ఒక్క అంశం సీజియం వైపు కాస్త తూకం మొగ్గేలా చేస్తుంది.

నిలువు తరంగంతో ఏర్పడే కాంతి జాలకం ఇదే సూత్రానికి మరో రూపం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ రైథెల్ బృందం 2000లో దీన్ని ప్రతిపాదించి, 2011లో 1064 నానోమీటర్ల జాలకంలో రిడ్‌బర్గ్ పరమాణువులను బంధించి చూపింది. విడి పరమాణువులను ఒక్కొక్కటిగా అదుపు చేయడానికి దీన్ని ఎంచుకోవద్దని చెబుతాను. కానీ వర్ణపట అధ్యయనానికి దీనికి సాటి మరొకటి లేదు. జాలకంలో చీకటి గీతల మధ్య ఎడం 532 నానోమీటర్లు, అంటే ఎలక్ట్రాన్ మేఘం పరిమాణానికి సమీపంలోనే ఉంటుంది. ఆ కాంతి తీవ్రతను మైక్రోవేవ్ పౌనఃపున్యంతో హెచ్చుతగ్గులు చేస్తే, ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి మారవచ్చో చెప్పే మామూలు ఎంపిక నియమాలు అనుమతించని స్థాయి మార్పులు కూడా జరుగుతాయి. 2015లో ఆ బృందం దీన్ని ప్రయోగంలో చూపించింది.

రెండు ఎలక్ట్రాన్ల పరమాణువులు

ఇంతవరకు చెప్పినవన్నీ వికర్షణతో రాజీ పడే మార్గాలు. యిటర్బియం, స్ట్రాన్షియం వంటి పరమాణువులు వికర్షణను అధిగమించే దారి చూపుతాయి. వీటిలో చివరి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒకదాన్ని దూరపు రిడ్‌బర్గ్ కక్ష్యకు పంపినా రెండోది కేంద్రకం వద్దే ఉంటుంది. అది ఉన్న అయాన్ గర్భం కాంతికి గట్టిగా స్పందిస్తుంది. యిటర్బియం అయాన్ 369, 329 నానోమీటర్ల కాంతిని బలంగా పీల్చుకుంటుంది కనుక, అంతకంటే పెద్ద తరంగదైర్ఘ్యమైన 532 నానోమీటర్ల పట్టకారు ఆ గర్భాన్ని తన నడిమధ్యకు లాగుతుంది. దూరపు ఎలక్ట్రాన్‌ను అదే కాంతి నెడుతుంది గానీ, ఆ ఎలక్ట్రాన్ కాంతి బిందువంతటా పరచుకుని తిరుగుతుంది కాబట్టి దాని సగటు వికర్షణ తగ్గుతుంది. గర్భం మాత్రం నట్టనడుమ పూర్తి తీవ్రతను అనుభవిస్తుంది. ఈ లాగులాటలో గర్భానిదే పైచేయి. నిండు కక్ష్యలతో ముడుచుకున్న రుబీడియం అయాన్ గర్భానికి ఇంత స్పందన లేదు, కనుక రుబీడియంతో ఈ ఉపాయం పారదు.

రెండు ఎలక్ట్రాన్ల పరమాణువులను రిడ్‌బర్గ్ స్థితిలోనూ కాంతి జాలకంలో నిలపవచ్చన్న ప్రతిపాదన 2011లోనే వచ్చింది. దాన్ని చేసిన వారిలో తరువాత పుణెలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో చేరిన రెజీష్ నాథ్ ఒకరు. ప్రయోగంలో దాన్ని నెరవేర్చినది ప్రిన్స్‌టన్ బృందం. 2022లో ప్రచురితమైన వారి ఫలితాల్లో, భూస్థితిని పట్టి ఉంచిన పట్టకారులోనే యిటర్బియం రిడ్‌బర్గ్ పరమాణువులు 100 మైక్రోసెకన్లకు మించి నిలిచాయి. రెండు రిడ్‌బర్గ్ స్థాయిల మధ్య పొందిక (కోహెరెన్స్, అంటే క్వాంటం దశ చెదరకుండా ఉండటం) 59 మైక్రోసెకన్లు కొనసాగింది. అదే అమరికలో ఉచ్చు లేని పరమాణువు మనుగడే 28 మైక్రోసెకన్లు. ఉచ్చు కాంతి వల్ల అయనీకరణం జరిగిన జాడ కనబడలేదు. అప్పగింతలు లేవు, చీకటి గోడలు మలచే శ్రమ లేదు.

మరి అందరూ దీనికే ఎందుకు మారరాదు? లేజర్ల బల్ల మీద చూస్తే జవాబు దొరుకుతుంది. రుబీడియాన్ని చల్లబరచడానికి 780 నానోమీటర్ల లేజర్లు చాలు. అవి సులభంగా దొరుకుతాయి, చవకైనవి కూడా. యిటర్బియానికి 399, 556 నానోమీటర్ల లేజర్లు, ఆపైన రిడ్‌బర్గ్ స్థితికి ఎక్కించడానికి 300 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతి కావాలి. అతినీలలోహిత కాంతి అద్దాలను, కటకాలను కాలక్రమేణా పాడు చేస్తుంది. దాన్ని నిలకడగా నడపడమే ఒక పరిశోధక విద్యార్థికి ఏడాది పని కావచ్చు. మరొక చిక్కు స్థాయిల పట్టికది. రుబీడియం రిడ్‌బర్గ్ స్థాయిలు, వాటి మధ్య బలాలు ఎంతో కచ్చితంగా తెలిసినవి; ఆర్క్, పెయిర్‌ఇంటరాక్షన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వాటిని క్షణాల్లో లెక్కకట్టి ఇస్తాయి. యిటర్బియంలో రెండు ఎలక్ట్రాన్ల స్థాయిలు ఒకదానితో ఒకటి కలగలిసి లెక్కను చిక్కుపరుస్తాయి. ప్రిన్స్‌టన్ వారు వాడిన స్థాయిల శ్రేణిని అంతకుముందు ఎవరూ గమనించలేదు కూడా. వర్ణపట శాస్త్రం మీద ఇష్టం ఉన్నవారికి ఇది వరం, గేటు నడపడమే లక్ష్యమైన వారికి భారం.

ఇందాక చెప్పిన గుర్తింపు సమస్యకు మాత్రం ఇక్కడ చక్కని విరుగుడు ఉంది. రిడ్‌బర్గ్ స్థితిలో ఉన్న పరమాణువు గర్భాన్ని దాని సొంత తరంగదైర్ఘ్యంతో ఉత్తేజపరిస్తే, గర్భం ఆ శక్తిని దూరపు ఎలక్ట్రాన్‌కు అప్పగించి దాన్ని తరిమేస్తుంది. పరమాణువు అయాన్‌గా మారి ఉచ్చును వీడుతుంది. భూస్థితి పరమాణువుకు ఏమీ కాదు. పోగొట్టుకున్న కొలమానం ఒక పల్స్ ఖర్చుతో ఇలా తిరిగి చేతికి వస్తుంది.

వృత్తాకార స్థితులు

పైన చెప్పిన ఉచ్చులన్నిటికీ చివరి హద్దు పరమాణువు జీవితకాలమే. గది ఉష్ణోగ్రతలో రుబీడియం 60ఎస్ స్థితి సుమారు 100 మైక్రోసెకన్లలో క్షీణిస్తుంది. మిల్లీసెకన్లు కావాలంటే ఉచ్చును మార్చినా లాభం లేదు, స్థితినే మార్చాలి. కోణీయ ద్రవ్యవేగం గరిష్ఠంగా ఉన్న వృత్తాకార స్థితిలో ఎలక్ట్రాన్ కేంద్రకం దరికి ఎన్నడూ రాదు. ప్రధాన క్వాంటం సంఖ్య 50 వద్ద దాని సహజ జీవితకాలం దాదాపు 30 మిల్లీసెకన్లు. 2012లో నోబెల్ బహుమతి పొందిన సెర్జ్ అరోష్ ప్యారిస్‌లో దశాబ్దాల పాటు వాడినవి ఈ పరమాణువులే. ఆ ప్రయోగశాలలోనే 2020లో, నడుమ చీకటి ఉన్న గొట్టం వంటి లేజర్ కిరణంతో వృత్తాకార పరమాణువులను రెండు దిశల్లో 10 మిల్లీసెకన్ల వరకు బంధించారు. ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరంగానే ఉండటం వల్ల ఉచ్చు కాంతి దాన్ని అయనీకరించే ప్రమాదం కూడా ఇక్కడ దాదాపు లేనట్టే.

దీనికి చెల్లించే మూల్యం గది గోడల వేడి. గది ఉష్ణోగ్రతలోని కృష్ణవస్తు వికిరణం, అంటే గోడలు వెదజల్లే ఉష్ణ తరంగాలు, 30 మిల్లీసెకన్ల ఆయువును మిల్లీసెకనులో పదోవంతు స్థాయికి దించేస్తుంది. అందుకే 4 కెల్విన్‌ల క్రయోస్టాట్, అంటే అతిశీతల పాత్ర, అవసరం. దాన్ని తప్పించే ఒక దారి స్టుట్‌గార్ట్ బృందం చూపింది: స్ట్రాన్షియం వృత్తాకార పరమాణువుల చుట్టూ లోహ పలకలను ఎడం చూసి అమర్చి, ఆ పరమాణువుకు హాని చేసే మైక్రోవేవ్‌లకు తావు లేకుండా చేసి, గది ఉష్ణోగ్రతలోనే 2.55 మిల్లీసెకన్ల జీవితకాలం సాధించింది. అయినా వృత్తాకార స్థితిని తయారు చేయడమే పెద్ద తతంగం. ముందు మామూలు రిడ్‌బర్గ్ స్థితికి ఎక్కించి, విద్యుత్ క్షేత్రంలో రేడియో తరంగాలతో మెట్టు మెట్టుగా కోణీయ ద్రవ్యవేగాన్ని పెంచాలి. ప్రయోగం వంద మైక్రోసెకన్లలో ముగిసేదైతే ఈ శ్రమకు దిగవద్దు.

ఎంపిక

నా సలహా ఇలా సాగుతుంది. లక్ష్యం నిరోధ గేట్లయితే రుబీడియం తీసుకుని, ఉచ్చు ఆర్పి పని చేయండి. చల్లదనం మీద పెట్టిన ప్రతి గంట శ్రమ కొత్త ఉచ్చు మీద పెట్టిన వారం శ్రమకంటే ఎక్కువ ఫలమిస్తుంది. పదుల మైక్రోసెకన్ల పాటు పరస్పర బలాన్ని గమనించే క్వాంటం అనుకరణ (ఒక క్వాంటం వ్యవస్థతో మరొకదాని ప్రవర్తనను అనుకరించడం) అయితే, చేతిలో ఇప్పటికే రుబీడియం యంత్రం ఉన్నవారు బాటిల్ ఉచ్చును జోడించాలి, కొత్తగా కట్టేవారు, లేజర్లకు నిధులున్నవారు యిటర్బియం వైపు వెళ్లాలి. మిల్లీసెకన్లు తప్పనిసరైతే వృత్తాకార స్థితులు తప్ప గతి లేదు.

శీతల పరమాణువుల యంత్రమే అందుబాటులో లేని కళాశాల విభాగాలు నిరుత్సాహపడనక్కరలేదు. గాజు గొట్టంలోని రుబీడియం ఆవిరిలోకి 780, 480 నానోమీటర్ల కిరణాలను ఎదురెదురుగా పంపి, రిడ్‌బర్గ్ స్థితులను కాంతి పారదర్శకతలో వచ్చే మార్పుగా చూసే పద్ధతి ఉంది. 2007లో ఇంగ్లండ్‌లోని డర్‌హమ్‌లో దీన్ని మొదట చూపిన ముగ్గురిలో ఒకరైన అశోక్ మహాపాత్ర తరువాత భువనేశ్వర్‌లోని జాతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ నైసర్‌లో ఈ రంగంలో పరిశోధన సాగించారు. ఇందులో పరమాణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో దూసుకుపోతుంటాయి కనుక విడి పరమాణువుల పని కుదరదు గానీ, మైక్రోవేవ్ క్షేత్రాలను కొలవడానికి ఈ గాజు గొట్టమే చాలు.

ఏ ఉచ్చును ఎంచుకున్నా మొదటి వారంలోనే ఒక కొలత చేయాలి. ఉచ్చులో పరమాణువు మిగిలే అవకాశం కాలంతో ఎలా తగ్గుతుందో గీసి, గది ఉష్ణోగ్రత వద్ద లెక్కకట్టిన జీవితకాలపు గీతను దాని పక్కన పెట్టాలి. రెండూ కలిస్తే ఉచ్చుకు ఇక మెరుగులు అక్కరలేదు. కొలిచిన గీత ముందే పడిపోతుంటే ఉచ్చు కాంతి తీవ్రతను సగానికి తగ్గించి మళ్లీ కొలవాలి: ఆయువు పెరిగితే కాంతి వల్ల జరుగుతున్న అయనీకరణం కారణం కావచ్చు, ఇంకా తగ్గితే గోడల ఎత్తు చాలలేదని అర్థం, మార్పేమీ లేకపోతే వెతకవలసింది ఉచ్చులో కాదు, గదిలోని చిల్లర విద్యుత్ క్షేత్రాల్లో.